జమా ఖర్చులు: జుట్టు మాత్ర లెక్క

పోయిన నెల గుడియాత్తం వెళ్ళినప్పుడు మా అక్క కొడుకు నన్ను మేడ మీదికి పిలుచుకుపోయి, జేబులోంచి ఒక మాత్రల అట్ట తీసి చూపించాడు. వాడికి ఇరవై ఎనిమిదేళ్ళు. నుదురు వెనక్కి జరుగుతోంది, పెళ్ళిచూపులు దగ్గర పడుతున్నాయి. "మామా, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నా. ఇది వేసుకుంటే మగతనం పోతుందని స్నేహితుడు భయపెడుతున్నాడు. వేసుకోనా, పారేయనా?" అన్నాడు.

నేను బి.కాం. చదివినవాణ్ణి, డాక్టరును కాను. అయినా తెలిసిన పద్ధతిలో పద్దులు రాసి చూశాను.

ఆ మందు ఫినాస్టరైడ్. అమెరికాలో 1992లో ప్రోస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో మగవారి బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగా అనుమతి పొందింది. వంశపారంపర్య బట్టతలలో జుట్టు కుదుళ్ళను చిక్కిపోయేలా చేసే డి.హెచ్.టి. అనే హార్మోనును ఇది తగ్గిస్తుంది.

జమ వైపు: చాలామందికి జుట్టు రాలడం నెమ్మదిస్తుంది. ఫలితం కనబడడానికి కొన్ని నెలలు పడుతుంది. మానితే ఏడాదిలోపు వచ్చిన లాభమంతా పోతుంది. అంటే గడువు లేని కంతులన్నమాట.

ఖర్చు వైపు: అనుమతికి ముందు జరిగిన పరీక్షల్లో, మొదటి ఏడాది దాంపత్య సంబంధమైన ఇబ్బంది చెప్పినవారు నూటికి 3.8 మంది. మందు లేని ఉత్తి మాత్ర మింగినవారిలోనూ 2.1 మంది చెప్పారు. తేడా వెయ్యికి పదిహేడు. మానేశాక చాలామందికి సర్దుకుంది. కానీ మానినా కొందరిలో ఇబ్బంది కొనసాగినట్టు ఫిర్యాదులున్నాయని 2012లో అమెరికా మందు కాగితంలో చేర్చారు. ఆత్మహత్య ఆలోచనలు కూడా దీని దుష్ఫలితమేనని 2025లో యూరప్ ఔషధ సంస్థ నిర్ధారించింది. అది ఎంతమందికి వస్తుందో అంకె లేదు. మొండి బాకీలు తక్కువే కావచ్చు, వచ్చినవాడికి మాత్రం నష్టం నూటికి నూరు.

ఇంకో చిక్కుంది. 2007లో ఇటలీ వైద్యులు ప్రోస్టేట్ రోగుల్లో సగం మందికి ఈ ఇబ్బందుల సంగతి ముందే చెప్పి, మిగతావారికి చెప్పకుండా మందిచ్చారు. చెప్పినవారిలో నూటికి 43.6 మంది, చెప్పనివారిలో 15.3 మంది ఇబ్బంది అన్నారు. భయం కూడా ఒక రోగమే! మరి చెప్పకపోవడమే మేలా? అప్పు పత్రం మీద సంతకానికి ముందు షరతులు చదివి వినిపిస్తాం. ఎదుటివాడు బెదురుతాడని వడ్డీ దాస్తే అది మోసం. చెప్పాలి, సరైన అంకెతో చెప్పాలి.

అందుకే, "ప్రస్తుతానికి వేసుకోకు, వెల్లూరు రా" అని చర్మవైద్యుల వద్దకు తీసుకుపోయాను. ఆయన నా అంకెలన్నీ విని, వాడి వైపు తిరిగి ఒకే ప్రశ్న వేశారు. "ఇంతకు ముందు మనసు దిగులుకు మందులు వాడావా?"

వాడు నన్నొకసారి చూసి, తల వంచుకున్నాడు. కాలేజీలో ఉన్నప్పుడు ఏడాది పాటు వాడాడట. ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ పద్దు నా లెక్కలోనే లేదు.

"అయితే నీకు ఈ మాత్ర వద్దు" అని, తలకు రాసుకునే మినాక్సిడిల్ రాసిచ్చారు. అదీ మానకుండా రాయవలసిందేనట.

ఏడుకొండలవాడికి తలనీలాలు సంతోషంగా ఇచ్చే మనం, జుట్టు తనంతట తాను పోతుంటే పిల్లల్ని ఎంత ఎగతాళి చేస్తామో! మీ ఇంట్లో కుర్రవాడు అద్దం ముందు ఎక్కువసేపు నిలబడుతుంటే నవ్వకండి. పక్కన కూర్చుని అడగండి. మాత్ర కంటే ముందు తెలియవలసిన పద్దు వాడి దగ్గరే ఉండవచ్చు.