జీవో 3 కొట్టేశారు సరే, మా కొండ మీద బడికి మాస్టార్ని ఎవరిస్తారు?

పోస్టు కొంచెం పెద్దదే, చివరిదాకా చదవండి.

పాపికొండల పక్క ఊళ్ళ నుంచి దిగొచ్చి నరసాపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నోళ్ళం మేము. మా ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది ముందు మేమే. చదువయ్యాక ఏం చేస్తార్రా అంటే మాలో చాలామంది చెప్పే మాట ఒకటే: మా ఊరి బడిలో మాస్టారు పని. ఆ ఆశ మీదే దెబ్బ పడింది.

2000 జనవరి 10న వచ్చిన జీవో 3 ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులవే. అది ఎవరో జాలిపడి ఇచ్చింది కాదు. ఏజెన్సీ బడులకి మాస్టార్లు సరిగా రావట్లేదని ప్రభుత్వమే ఒప్పుకుని ఇచ్చింది. 2020 ఏప్రిల్ 22న, లాక్‌డౌన్ మధ్యలో, సుప్రీంకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినోళ్ళ ఉద్యోగాలు ఉంచింది గానీ, ఇంకోసారి ఇలా చేయొద్దని రెండు రాష్ట్రాలకీ చెప్పి 5 లక్షల ఖర్చులు కూడా వేసింది.

కోర్టు చెప్పిన కారణాలేంటి? నూటికి నూరు రిజర్వేషన్ కుదరదు, 50 శాతం హద్దుంది. అయిదో షెడ్యూల్ కింద గవర్నర్‌కున్న అధికారం ప్రాథమిక హక్కుల్ని దాటిపోలేదు. 1950 జనవరి 26 నుంచి అక్కడే ఉండాలన్న షరతు మిగతా గిరిజనులకే అన్యాయం. ఈ చివరిది నిజమే, ఒప్పుకుందాం. ఆ షరతు మన చుట్టాల్నే బయట నిలబెట్టింది.

కానీ గిరిజనులకి గిరిజనులే చెప్పాలనడం తప్పు అన్నారు చూడండి, అక్కడే మా గొడవ. మేం అడిగింది కులం చూసి మాస్టార్ని పెట్టమని కాదు. కోయలో 'ఏరు' అంటే నీళ్ళు. ఒకటో తరగతి పిల్ల దాహమేసి ఏరు అడిగితే, వాగుకెళ్తానంటోంది అనుకునే మాస్టారు ఏం పాఠం చెప్తాడు? చిన్న తరగతుల్లో సొంత భాషలో చదువు చెప్పే ఏర్పాటు చేయాలని రాజ్యాంగం 350ఏ లోనే ఉంది. సమానత్వం అంటే ఉద్యోగానికి పోటీపడే పెద్దోళ్ళకేనా? బెంచీ మీద కూర్చున్న పిల్లకి లేదా?

తీర్పు తర్వాత ఏజెన్సీ పోస్టులకీ మైదానం లెక్కే వచ్చింది, ఎస్టీకి 6 శాతం. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు తీశారు. ఏజెన్సీకి స్పెషల్ డీఎస్సీ పెట్టండని ఆదివాసీ సంఘాలు ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఇప్పుడు మైకు పట్టుకున్న ప్రతి నాయకుడూ జీవో 3 మళ్ళీ తెస్తాం అంటాడు. చప్పట్లు కొట్టకండి. జార్ఖండ్‌లో 13 జిల్లాల పోస్టులన్నీ స్థానికులకే అన్నారు, 2022లో అదీ సుప్రీంకోర్టులో పోయింది. అదే కాగితం మళ్ళీ తెస్తే మళ్ళీ చిరుగుతుంది. నిలబడేది అడుగుదాం:

1. ఏజెన్సీ ప్రాథమిక బడుల్లో ఉద్యోగానికి అక్కడి భాష రావడం అర్హతగా పెట్టాలి. కోయ, సవర, కువి, ఏ ఊళ్ళో ఏది మాట్లాడితే అది. ఎవరైనా నేర్చుకుని రావచ్చు, తలుపు మూయట్లేదు.

2. ఎన్ని బడుల్లో మాస్టారు లేడో, ఎంతమంది పిల్లలు మధ్యలో మానేశారో ఊరూరా లెక్క తీయాలి. లెక్క లేకుండా 50 దాటితే కోర్టులో నిలవదు.

3. గిరిజన సలహా మండలితో చర్చించి, రాష్ట్రపతి ఆమోదంతో రెగ్యులేషన్ తేవాలి. భూమి కోసం 1970లో 1/70 తెచ్చినోళ్ళు బడి కోసం ఎందుకు తేలేరు?

ఉద్యోగం ఇచ్చే యజమాని ప్రభుత్వమే, బడి నడిపేదీ ప్రభుత్వమే. కోర్టు కొట్టేసిందండీ, మేమేం చేస్తాం అని చేతులు దులుపుకుంటే కుదరదు. మీ ఊరి బడిలో ఎంతమంది పిల్లలు, ఎన్ని పోస్టులు ఖాళీ, మాస్టారికి మీ భాష వచ్చా రాదా, కింద రాయండి. ఆ లెక్క పట్టుకునే ఐటీడీఏకి వెళ్దాం.

జై ఆదివాసీ.