అప్పుకు రాజ్యాంగ పరిమితి: కేంద్ర ఆర్థిక మంత్రికి బహిరంగ లేఖ



రాజ్యాంగం 292వ అధికరణ ప్రకారం కేంద్రం అప్పులకు పార్లమెంటు చట్టం ద్వారా హద్దు పెట్టవచ్చు. పెట్టి తీరాలన్న నిబంధన లేదు. రాష్ట్రాల సంగతి వేరు. కేంద్రానికి బాకీ ఉన్నంతకాలం ఆంధ్రప్రదేశ్ అయినా, తెలంగాణ అయినా కొత్త అప్పుకు 293వ అధికరణ కింద కేంద్రం సమ్మతి తీసుకోవాల్సిందే. ఈ తేడా న్యాయం కాదు.

2003 నాటి ద్రవ్య బాధ్యత, బడ్జెట్ నిర్వహణ (ఎఫ్‌ఆర్‌బీఎం) చట్టం కింద ద్రవ్యలోటు లక్ష్యం జీడీపీలో 3 శాతం. దాన్ని చేరే గడువులు పదేపదే వాయిదా పడ్డాయి. కరోనా ఏడాది 2020-21లో లోటు 9 శాతం దాటింది. అందుకే లోటు నియమాన్ని రాజ్యాంగంలోనే రాయాలన్న వాదన వినిపిస్తుంది.

జర్మనీ 2009లో అదే చేసింది. ఆర్థిక ఒడిదుడుకుల ప్రభావం తీసేశాక, సమాఖ్య ప్రభుత్వ లోటు జీడీపీలో 0.35 శాతం మించరాదని నిర్దేశించింది. కరోనా కోసం అనుమతించిన అప్పులో వాడకుండా మిగిలిన 6,000 కోట్ల యూరోలను వాతావరణ నిధికి మళ్లించడం చెల్లదని 2023 నవంబరులో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది. 2025 మార్చిలో రక్షణ వ్యయం కోసం ఆ లోటు నిబంధననే సడలించారు.

పైగా మాంద్యంలో పన్నుల రాబడి పడిపోతుంది. అప్పుడే ఖర్చు కోస్తే మొదట నష్టపోయేది కూలి మీద బతికేవారు. కాబట్టి అంకెను రాజ్యాంగంలో బిగించడం తగదు. 292 కింద పరిమితి విధించడాన్ని తప్పనిసరి చేయాలి. దాన్ని దాటిన ప్రతిసారీ తిరిగి దారికి వచ్చే ప్రణాళికకు పార్లమెంటు ఆమోదం ఉండాలి.