ప్రశ్న అపచారం కాదు



‘దైవం బుద్ధికి అందదు, కనుక ప్రశ్నించకండి’ అన్న మీ పత్రిక వ్యాసంలో మొదటి మాట ఒప్పుకుంటాను, రెండోది ఒప్పుకోలేను. ఆత్మజ్ఞానం తర్కంతో దొరకదని కఠోపనిషత్తు చెప్పిందన్నారు. నిజమే. కానీ ఆ ఉపనిషత్తు నడిచిందే నచికేతుడి ప్రశ్న మీద. చనిపోయాక మనిషి ఉంటాడా, లేడా అని ఆ పిల్లవాడు యముణ్ణే అడిగాడు. భోగాలు ఆశపెట్టినా పట్టు వదల్లేదు. బృహదారణ్యకంలో యాజ్ఞవల్క్యుడు కూడా మైత్రేయికి శ్రవణం, అంటే వినడం, ఒక్కటే చెప్పి ఊరుకోలేదు; మననం, అంటే ఆలోచించడం, కూడా చేయమన్నాడు.

మా ఊళ్లో గోదావరి ఒడ్డున గోష్పాద రేవులో తండ్రి పిండాలు పెడుతుంటే, ‘తాతయ్య ఇప్పుడెక్కడున్నారండీ?’ అని పురోహితుణ్ణి అడిగిన కుర్రాణ్ణి పెద్దలు కసిరారు. అది తప్పు. అనంతం మన బుద్ధికి పూర్తిగా అందకపోవచ్చు. ఆ హద్దు ఎక్కడుందో తెలిసేది కూడా ఆలోచిస్తేనే. 2027 గోదావరి పుష్కరాలకు వచ్చే పిల్లల ప్రశ్నలకైనా ఓపిగ్గా బదులిద్దాం.

– ఒక పాఠకుడు, కొవ్వూరు, తూర్పు గోదావరి జిల్లా