గొట్టమునకు పుల్లరి లేదా?

అన్యుల నేలమీదుగ సరకు మోసికొనిపోవువాడు ఆ నేలవారికి దారిసుంకము చెల్లింపవలెననుట క్రొత్త ధర్మము కాదు. చమురు రాజకీయములలో నిది నేటికిని నిలిచియున్నది. అజర్‌బైజానులోని బాకు నగరమునుండి టర్కీ సముద్రతీరమువఱకు 1,768 కిలోమీటర్ల గొట్టము వేసి 2006లో నడిపింప నారంభించిరి. దగ్గఱదారి ఆర్మీనియామీదుగ నున్నను, ఇరుగుపొరుగువారి వైరముచేత ఆ దేశమును తప్పించి జార్జియామీదుగ త్రిప్పిరి. త్రిప్పినందులకు జార్జియాకు దారిసుంకము ముట్టుచున్నది. ఇరానునుండి పాకిస్తాను మీదుగ మనదేశమునకు వాయువు తేవలెనని పెక్కేండ్లు సంప్రదింపులు జరిగినవి. ధర, భద్రత, పాకిస్తానునకు చెల్లింపవలసిన సుంకము, వీనిలో నేదియు తెగక 2009 నాటికి మనవారు తొలగిరి. సుంకమెంత యని మన ప్రభుత్వము బేరమాడెనే గాని, సుంకమేల యని యడుగలేదు.

వైరముగల పొరుగుదేశమునకు ఒప్పుకొన్న న్యాయమును ఆ ప్రభుత్వమే తన రైతునకు ఒప్పుకొనదేల? నా ప్రశ్న యిదియొక్కటే.

1962లో పార్లమెంటు పెట్రోలియము గొట్టముల చట్టమును చేసెను. దాని చమత్కారమేమనగా, అది రైతు భూమిని తీసికొనదు. భూమిని వినియోగించుకొను హక్కును మాత్రము తీసికొనును. పట్టా రైతు పేరనే యుండును. దున్నుటయు, విత్తుటయు రైతు వంతే. కాని ఆ పట్టెమీద ఇల్లు కట్టరాదు, చెఱువు గాని బావి గాని త్రవ్వరాదు, చెట్టు నాటరాదు. ప్రకటన వెలువడిన 21 దినములలో అభ్యంతరము చెప్పుకొనవచ్చును. గొట్టము వేయునపుడు పైరునకును చెట్లకును కలిగిన నష్టమునకు పరిహారము వేఱు. హక్కునకు వెల మాత్రము, ప్రకటన నాటి భూమి విలువలో నూటికి పది. అదియు నొక్కమాఱే. ఆమీద గొట్టము ముప్పదియేండ్లు పాఱినను ఏబదియేండ్లు పాఱినను రైతునకు దమ్మిడీ లేదు.

లెక్క వేసి చూతము. ఎకరము ఇరువది లక్షలు చేయు భూమిలో పది సెంట్లు గొట్టము క్రిందికి పోయిన దనుకొందము. ఆ పది సెంట్ల విలువ రెండు లక్షలు. అందు పదియవవంతు ఇరువదివేలు. ముప్పది యేండ్లకు పంచినచో ఏటికి 667 రూపాయలు, నెలకు 56. ఏడాది మొత్తము కూడబెట్టినను ఆ యింటి యిల్లాలు వంటగ్యాసు సిలిండరు నొకదానిని పూర్తివెలకు కొనజాలదు. బోరు వేసికొనవలసిన చోట గొట్టమున్నదని బోరు మానుకొన్నవాని నష్టము ఈ లెక్కలోనికి రానేలేదు.

పలనాటివారికి ప్రజాకార్యమునకై భూమి నిచ్చుట తెలియనిది కాదు. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగరమునకు నెహ్రూ పునాదిరాయి వేసెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. ఆ కాలువలు రైతుల పొలములను చీల్చుకొనియే పోయినవి. ముప్పాళ్ళ మిరపచేలో నిలుచున్న రైతును కదలించినచో కాలువనీటి జాప్యమును గూర్చి పది తప్పులు చెప్పును గాని, కాలువ పొలమును ఊరక మ్రింగెనని చెప్పడు. ఏలయన కాలువకు తూము గలదు. నేల నిచ్చినవాడు కాకున్నను వాని పొరుగువాడు నీరు పొందును. గొట్టమునకు తూము లేదు. కాకినాడ తీరమునుండి గుజరాతులోని భరూచివఱకు, ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రముల నేలక్రిందుగ సుమారు 1,400 కిలోమీటర్లు రిలయన్సువారు గొట్టము వేసిరి. కృష్ణా–గోదావరి సముద్రగర్భమున దొరకిన వాయువు 2009 నుండి దానిలో పాఱుచున్నది. 2019లో ఆ గొట్టము కనడాకు చెందిన బ్రూక్‌ఫీల్డువారి ట్రస్టు చేతికి పోయినది. వాయువు మన కడలిది, త్రోవ మన పల్లెలది, మోతకూలి కనడావారి ట్రస్టుది. నడుమనున్న పల్లెలో వాయువు దింపవలెనన్నచో దానికి వేఱు సంస్థ, వేఱు అనుమతి, వేఱు ధర. నేల నిచ్చిన పల్లె యని ఆ వరుసలో ముందు నిలుపువారు లేరు.

పుల్లరి యను మాట పలనాటివారు మఱవరానిది. అడవిలో పశువులను మేపుకొన్నందులకు పన్ను కట్టుమని ఇంగ్లీషు దొరతనమువారు పీడింపగా, మించాలపాటి కన్నెగంటి హనుమంతు కట్టనని యెదిరించి 1922లో తుపాకిగుండ్లకు బలియయ్యెను. పశువు నాలుగు గడ్డిపఱకలు కొఱికినచో వెల కట్టనేర్చిన సర్కారువారసులు, ఇనుపగొట్టము రేయింబవళ్ళు రైతు చేనిక్రింద మేయుచుండగా పుల్లరి సంగతి యెఱుగనట్లు నటించుట వింతగాదా?

కూలి యొక్కటియే కాదు, ప్రాణభయమును గలదు. 2014 జూన్ 27వ తేదీ తెల్లవాఱుజామున కోనసీమలోని నగరము గ్రామమున గెయిలువారి గొట్టము తుప్పుపట్టి కారి, వాయువు మంచువలె నలుదెసల క్రమ్ముకొని అంటుకొన్నది. ఇరువదిమందికి పైగా మరణించిరి. ఇండ్లును కొబ్బరిచెట్లును నిలువున కాలిపోయినవి. వాసన వచ్చుచున్నదని ముందే మొఱపెట్టుకొంటిమని గ్రామస్థులు పత్రికలవారికి చెప్పిరి. ఆ వాయువు పోవుచుండినది కొండపల్లి విద్యుత్కేంద్రమునకు. నగరమువారు చేసిన తప్పెల్ల ఆ త్రోవలో కాపురముండుటయే. అపాయము ప్రతిదినమును ఉండునది. వెల మాత్రము ఒక్కదినమున తీఱిపోయినది.

గొట్టములే వలదని నే ననను. లారీలలో చమురు మోయుటకంటె గొట్టమున మోయుట చౌక, రోడ్డుమీద అపాయమును తక్కువ. దేశమున కింధనము కావలెను. చదువరుల వంటింట వెలుగు నీలిమంటయు నెక్కడనుండియో రావలసినదే. ఏటేట సుంకమిచ్చినచో ధర పెరుగునని కొందఱందురు. మోతకూలిని నిర్ణయించునపుడు ఇనుమునకు వెల వేయుదురు, పంపులకు వేయుదురు, పెట్టుబడిమీద లాభమును లెక్కింతురు. నేలకొక్కదానికి ఏటేట వాటా వేసినంతనే దేశము దివాలా తీయునా?

ఇక, అడిగినవారి గతి యేమయినదో చూడుడు. తమిళనాట ఏడు జిల్లాల రైతులు గెయిలు గొట్టమును పొలములలోనుండి తప్పించి రహదారివెంట వేయుమనిరి. 2013లో రాష్ట్రప్రభుత్వము వారి పక్షము వహించెను. 2016 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు గెయిలువారి పక్షముననే తీర్పు చెప్పెను. కేరళలో 2017లో జనము రోడ్డెక్కిన పిదప పరిహారము పెంచి, పదిసెంట్లలోపు నేలగలవారికి ఐదు లక్షలు ఆసరాగ నిత్తుమనిరి. మంచిదే. కాని లాఠీదెబ్బలకు వెఱచి యిచ్చునది దయ. చట్టమున వ్రాసి యిచ్చునది హక్కు. గొట్టములలో చమురు దొంగిలించువారికి శిక్షలు హెచ్చించుటకై 2011లో పార్లమెంటువారు ఈ చట్టమును విప్పిరి. విప్పినవారికి నూటికి పది యను పదియవ సెక్షను కంటబడలేదు.

ఆ సెక్షనును మార్చవలెను. పాఱిన సరకును బట్టి ఏటేట సుంకము నిర్ణయించి, కొంత నేలగలవానికిని, కొంత పంచాయతీకిని చెల్లింపవలెను. మా సీమలో మిరపయు ప్రత్తియు పెక్కుచోట్ల కౌలుదారు చేతిలోనే పండుచున్నవి. కాగితము మాత్రము పట్టాదారు పేరనుండును. చట్టమున ఆసక్తిగల ప్రతివాడును అభ్యంతరము చెప్పవచ్చునని యున్నను, కాగితము లేనివాని యాసక్తిని ఏ కచేరీ గుర్తించును? పార్లమెంటు కదలులోపల మన చేతనైనది కొంత గలదు. ప్రకటన వెలువడిననాడే దానిని తెనుగున గ్రామసభలో చదివింపవలెను. ఇరువదియొక్క దినములు రచ్చబండ మాటలతో గడచిపోనీయరాదు. అభ్యంతరపత్రము మీద పట్టాదారుతోపాటు కౌలుదారును, భర్తతోపాటు భార్యయు సంతకము చేసి, చేర్చుకొన్నట్లు రసీదు పుచ్చుకొని దాచవలెను.