తాతగారి వాచీ

మా తాతగారి చేతిగడియారాన్ని నేను పాడుచేశానని మా బావగారు తేల్చేశారు. పాడుచేయడమేమిటండీ! రెండువేలు పోసి బాగుచేయించాను. డయలు పసుపెక్కి, అంకెలు చెరిగి, అద్దం నిండా గీతలు పడిన ఫేవర్ లూబాను వాచీ రిపేరతను పెళ్లికొడుకులా ముస్తాబు చేసి ఇచ్చాడు. బావగారు కంటికి భూతద్దం పెట్టి చూసి, పరామర్శకు వచ్చినవారిలా నిట్టూర్చారు.

ఆయనకు స్విస్ వాచీలు సేకరించే పిచ్చి. ఉన్నవి నాలుగే, చదివిన వేలం పుస్తకాలు మాత్రం నలభై. డయలుకు కొత్త రంగు వేయరాదు, కేసుకు మెరుగు పెట్టరాదు అన్నది ఆ లోకంలో తొలి పాఠమట. మెరుగు పెట్టినప్పుడల్లా లోహం అరిగి అంచుల పదును పోతుంది. చీకట్లో వెలిగే పూత కాలంమీద తేనెరంగుకు తిరిగితే, ఆ రంగుకే గిరాకీ!

"బంగారు వాచీకైతే ఎలాగూ ధర ఉంటుంది కదా?" అన్నాను. బావగారు నవ్వారు. జెనీవాలోని పటేక్ ఫిలిప్ వారు 1941లో 1518 అనే నంబరుతో ఒక రకం మొదలుపెట్టారు. వారం, తేదీ, నెల, చంద్రకళ అన్నీ చూపుతుంది. ఫిబ్రవరికి 28 రోజులా 29 రోజులా అన్న లెక్కా అదే చూసుకుంటుంది. చేసిన సుమారు 280లో చాలామటుకు బంగారానివే. ఉక్కువి నాలుగే బయటపడ్డాయి. వాటిలో ఒకటి 2016లో 1 కోటి 10 లక్షల స్విస్ ఫ్రాంకులకు పోయింది. బంగారం ఉక్కు ముందు చిన్నబోయిన చోటు ఇదొక్కటే కాబోలు.

సినిమా నటుడు పాల్ న్యూమన్ కథ ఇంకా విడ్డూరం. ఆయనకు కారు పందేల సరదా. జాగ్రత్తగా నడపమని వెనక చెక్కించి, భార్య ఒక రోలెక్స్ డేటోనా కొనిచ్చింది. ఆ తరహా డయలువి అప్పట్లో దుకాణాల్లో కదలక పడి ఉండేవి. 1984లో కూతురి స్నేహితుడి చేతికి వాచీ లేదని ఆయన దాన్ని తీసి ఇచ్చేశాడు. 2017లో న్యూయార్కు వేలంలో అదే వాచీ 1 కోటి 77 లక్షల డాలర్లు పలికింది. ఆ ధర పలికింది టైము చూపినందుకు కాదు సుమండీ. 1969 చివర జపానువారి సీకో తెచ్చిన క్వార్ట్‌జు వాచీ నెలకు అయిదు సెకన్లకు మించి తప్పదన్నారు. మంచి స్విస్ కీ వాచీకి రోజుకు నాలుగైదు సెకన్ల తేడా క్షమార్హం.

ఇదంతా విన్నాక నాకు సిగ్గేసింది. తాటాకు ప్రతిలో లేఖకుడు సొంత మాట చేర్చి పాఠం చెరిపాడని తరగతిలో ఏటా దుమ్మెత్తిపోసేవాణ్ణి నేనే. తాతగారి డయలు మీద చేసిందేమిటి?

అద్దం మీద నాలుగు అంకె దగ్గర ఒక అడ్డగీత ఉండేది. నూతి గిలక తగిలి పడిందని నాన్నగారు చెప్పేవారు. మర్నాడు పొద్దున్నే దుకాణానికి పరుగెత్తి, కనీసం ఆ పాత అద్దమైనా ఉందా అని అడిగాను. అతను సొరుగు లాగి నా ముందు పెట్టాడు. నిండా పాత అద్దాలే. "ఏది కావాలో తీసుకోండి సార్" అన్నాడు. అడ్డగీత లేనిది వాటిలో ఒక్కటీ లేదు.