ఎర్ర డబ్బాల కిరసనాయిలు

ఈ సంచిక ముఖ్య వ్యాసం షెల్ మీద. బావి తవ్వడం దగ్గర్నుంచి బంకులో పెట్రోలు పోసేదాకా అన్నీ తానే చేసే కంపెనీ. మొదలు మాత్రం చమురు కాదు. లండన్‌లో శామ్యూల్ కుటుంబం గవ్వలు, గవ్వలు అతికించిన పెట్టెలు అమ్ముకునేది. ఆ ఇంటి కొడుకు మార్కస్ 1892లో మ్యూరెక్స్ అనే ట్యాంకర్ ఓడను సూయజ్ కాలువ దాటించాడు. బటూమి రేవు కిరసనాయిలును డబ్బాల్లో కాకుండా నేరుగా ఓడ ట్యాంకుల్లో పోసి తెస్తే బోలెడు ఖర్చు తగ్గుతుందని లెక్క. లెక్క బాగానే ఉంది గానీ, తూర్పు దేశాల జనానికి నూనె ఒక్కటే చాల్లేదు, డబ్బా కూడా కావాలి! పోటీ కంపెనీ స్టాండర్డ్ ఆయిల్ వారి నీలం డబ్బా రేకు ఇంటి కప్పుకీ, గిన్నెలకీ పనికొచ్చేది మరి. చివరికి శామ్యూల్ కూడా రేకు తెప్పించి, అక్కడికక్కడే ఎర్ర డబ్బాలు చేయించక తప్పలేదు.

1907లో మరో చమురు కంపెనీ రాయల్ డచ్‌తో పొత్తు కుదిరింది. వాళ్లకు 60 పాళ్లు, షెల్‌కు 40. ఎవరు తగ్గారో చెప్పక్కర్లేదు. మన బర్మా షెల్ 1928లో పుట్టి, 1976లో ప్రభుత్వం చేతికొచ్చింది. ఇవాళ్టి భారత్ పెట్రోలియం అదే. నైజర్ డెల్టాలో చమురు ఒలికి పాడైన వాగుల సంగతీ వ్యాసంలో ఉంది. ఆ పేజీలు తిప్పేయకండి.