విరిగిన దంతము

హోసూరు, కృష్ణగిరి ప్రాంతముల తెలుగువారి యిండ్లలో వినాయకుని ప్రతిమ లేని దేవుని గూడు అరుదు. ఆ ప్రతిమయే ఒక గ్రంథము. చేటలవంటి చెవులు ఎక్కువ వినుమనుచున్నవి. చిన్నికన్నులు నిశితముగ చూడుమనుచున్నవి. ఎలుకను గూర్చి పండితులు పలువిధముల చెప్పుదురు, దాని నటుంచెదము. మాకు మిక్కిలి ప్రియమైనది విరిగిన దంతము. వ్యాసుడు భారతము చెప్పుచుండగా గంటము విరిగినదట. వ్రాత ఆగరాదని స్వామి తన దంతమునే విరిచి గంటముగ చేసికొనెనట. అక్షరము కొరకు అంగమునే అర్పించిన దైవము!

అట్టి దైవమును కొలుచు మన పెక్కిండ్లలో చవితినాడు జరుగుచున్నదేమి? శమంతకోపాఖ్యానమును తాతగారొక్కరే చదువుచుందురు. మనుమలు అక్షతలు చేతబట్టి భక్తితోనే కూర్చుందురు. పుస్తకము చేతికిచ్చినచో ఒక్క పంక్తియైన చదువజాలరు. 2006 నాటి చట్టముచే తమిళనాట పాఠశాలలలో తమిళము తప్పనిసరియైనది. తమిళము నేర్వవలసినదే, అది ఇరుగుపొరుగుల భాష, అన్నము పెట్టు భాష. కాని యింటిలో తెలుగు నేర్పుటకు ఏ చట్టమును అడ్డురాదు గదా! చవితికి ముందు కొన్ని నెలలు, సందెదీపము పెట్టిన పిదప అరగంట చాలును. ఈ యేడు కథ చదువు పనిని పిల్లలకే అప్పగింపుడు, తడబడిన తడబడనిండు.